నాలుగో గేరులో మాత్రమే

ఆ ఇంట్లో లారీకి మూడు పేర్లు. తండ్రి మామూలుగా "మన బండి" అనేవాడు, కోపం వస్తే "ముసలిది" అనేవాడు. తల్లి మాత్రం అది ఇంటి ముందుకొచ్చి నిలబడ్డ రోజు నుంచీ "నా సవతి" అనే అంటోంది. ముప్పై ఏళ్ళలో ఆయన తనకు కొన్న బట్టలకన్నా దానికి కొన్న టైర్లే ఎక్కువని ఆవిడ ఫిర్యాదు. ఆ మాట అబద్ధమని ఆయన కూడా ఏనాడూ అనలేదు.

అలాంటి బండి తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వడమంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టే. కానీ ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇంకో ఏడాది క్లచ్ తొక్కితే ఆ తర్వాత నడవడానికి కర్ర పట్టుకోవాలని ఆసుపత్రిలో తేల్చి చెప్పారు. పరాయివాడికి బండి ఇవ్వడం ఆయన వల్ల కాదు. ఇక మిగిలింది కూతురు.

కూతుర్ని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. బండి కొత్తగా వచ్చిన రోజుల్లో ఆమెకు నడక వచ్చీ రాని వయసు. రెండు సీట్ల మధ్య ఇంజను పెట్టె మీద దుప్పటి మడిచి వేస్తే దాని మీద పిట్టలా కూర్చుని తండ్రితో ఊళ్ళు తిరిగేది. అలా పడిన పేరు ముప్పై రెండేళ్ళు వచ్చినా వదల్లేదు. ఇప్పుడామె భుజాలు చూస్తే ఆ పేరుకి ఎవరికైనా నవ్వొస్తుంది. ఎనిమిదేళ్ళు బడి వ్యాన్లు నడిపింది, ఒక్క గీత పడనివ్వలేదు. అయినా తండ్రి దృష్టిలో వ్యాను నడపడమంటే కుట్టుమిషను తొక్కడం, లారీ నడపడం వేరే విద్య.

మూడు నెలల కిందట తాళాలు ఇచ్చాడు. ఇచ్చాడంటే, ఆమె చేతిలో పెట్టి తన పిడికిలి మాత్రం వదల్లేదు. పేపరు మిల్లు నుంచి ప్రెస్సులకు కాగితం చుట్టలు తోలడం పని. పిట్ట పొద్దున్నే లేచి, గాలి చూసి, నీళ్ళు చూసి, నూనె చూసి బయల్దేరేది. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి నడిపేది. ఆమెకు వ్యాను నేర్పిన టీచరమ్మ పక్కన స్కేలు పట్టుకుని కూర్చునేది మరి, ఊరికే ఒక చెయ్యి కిందికి దిగితే వేళ్ళ మీద పడేది. తండ్రి అది చూసి, "పరీక్ష రాస్తున్నావా, బండి నడుపుతున్నావా?" అని వెక్కిరించేవాడు.

శబ్దం మొదటి వారంలోనే వినిపించింది. నాలుగో గేరులో మాత్రమే. వేగం నలభై దాటాక, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడిస్తున్నట్టు గరగరమనేది. పల్లంలో కాలు ఎత్తితే ఒక్కోసారి టక్కున గేరు తనంతట తానే బయటికొచ్చేది. పిట్ట భయపడి ఇంట్లో చెప్పింది. మర్నాడు తండ్రి క్లీనరు సీట్లో కూర్చుని విన్నాడు. విని, ఆమెను దింపి, మోకాలు నొప్పిని పంటి బిగువున పట్టి అదే రోడ్డు మీద తనే నడిపాడు. బండి కిక్కురుమనలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు ఇంటికొచ్చాక. "నా చేతిలో ముప్పై ఏళ్ళు నోరెత్తలేదు. నీ చేతిలో వారానికే ఏడుస్తోంది."

పిట్ట అన్ని రకాలుగా నడిపి చూసింది. మెల్లగా వేసింది, గట్టిగా వేసింది, క్లచ్ నేలకి అంటేదాకా తొక్కింది. శబ్దం తగ్గలేదు, పెరిగింది. మూడో నెల దాటేసరికి తండ్రి ఒక నిర్ణయానికి వచ్చాడు. పాత బండ్లను విప్పి ముక్కలుగా అమ్మే వ్యాపారి ఒకడు ఎప్పట్నించో అడుగుతున్నాడు. వాణ్ణి సోమవారం రమ్మన్నాడు.

"విప్పేవాడికి ఇస్తావా నాన్నా?" అంది పిట్ట.

"కళ్ళ ముందు ఒక్కో పన్నూ రాల్చుకుని చావడం నేను చూడలేను. శనివారం చెవిమేస్త్రి దగ్గరికి పోదాం. జబ్బు బండిదని వాడంటే బాగుచేయించి తాళాలు నీకే ఇచ్చేస్తా, మళ్ళీ అడగను. జబ్బు నీ చేతిదని వాడంటే మాత్రం నన్నేమీ అనొద్దు."

ఆమెకు అంతకంటే పెద్ద కోరికలేం లేవు ఈ లోకంలో. వ్యాన్లన్నీ వేరేవాళ్ళవి. ఈ బండి కేబిన్‌లో ఏ మేకు ఎక్కడుందో ఆమెకు తెలుసు. చదవడం నేర్చుకున్నది కూడా దాని అద్దం మీద రాసిన అక్షరాలను లోపలి నుంచి తిరగేసి చదువుతూనే.

చెవిమేస్త్రి గేర్‌బాక్సుల మేస్త్రి. తండ్రికి చిన్ననాటి స్నేహితుడు, తమ్ముడి వరస. షెడ్డు గోడకి పళ్ళు అరిగిన గేరు చక్రాలు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కోదాని కింద సుద్దతో ఏం జరిగిందో రాసి ఉంటుంది. బారెడు ఇనప కడ్డీ చివర కర్ర గుండు బిగించి, కడ్డీ కొస గేర్‌బాక్సుకి, గుండు చెవికి ఆనించి వింటాడు. వినేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. రోడ్డు మీద పరీక్షకి వెళ్ళినా అంతే, క్లీనరు సీట్లో వెనక్కి తిరిగి, కేబిన్ వెనక గోడకి మొహం పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. "కళ్ళు తెరిచి వినేవాడు డ్రైవరు మొహం చూసి రోగం చెబుతాడు" అని ఆయన సిద్ధాంతం. ఇంకో నియమం కూడా ఉంది. కేబిన్‌లో డ్రైవరూ తనూ తప్ప మూడో ఊపిరి ఉండకూడదు. ఆ పద్ధతితో ఆయన ఎన్నో బండ్లకు సరైన రోగం చెప్పాడు, కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. ఎవరూ ఎదురు చెప్పకపోతే మనిషికి ఏమవుతుందో మనకు తెలిసిందే.

శనివారం పొద్దున ముందు బండిని నిలబెట్టి విన్నాడు. న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుంటే కడ్డీ ఆనించి, "క్లచ్ తొక్కమ్మాయ్. వదులు. తొక్కు," అన్నాడు.

పిట్ట తొక్కింది, వదిలింది, తొక్కింది.

"వదిలినప్పుడు మోగి తొక్కితే ఆగితే, ముందు బేరింగు పోయినట్టు. తొక్కినప్పుడే మోగితే క్లచ్ బేరింగు. ఇది రెండిట్లోనూ ఒకటే మాట చెబుతోంది. అంటే రెండూ బాగానే ఉన్నాయి."

తర్వాత కిందికి దూరి నూనె దింపాడు. తెల్ల పళ్ళెంలో పోసి ఎండలోకి తెచ్చి అటూ ఇటూ వంచాడు. నూనెలో సన్నగా, పసుపు పచ్చగా పొడి మెరిసింది. అయస్కాంతం ముంచి తీశాడు. ఏమీ అంటుకోలేదు.

"ఇనుము కాదు, ఇత్తడి. పళ్ళేం విరగలేదు, సంతోషం." ఇంకేదో చెప్పబోయి ఆగాడు.

"చెప్పు," అన్నాడు తండ్రి.

"గేర్లు కలిసేచోట ఇత్తడి రింగులుంటాయి అన్నా. తొందరపడి తోసేవాళ్ళ చేతిలో అవే ముందు అరుగుతాయి."

తండ్రి కూతురి వైపు చూశాడు. ఆ చూపుకన్నా తిడితేనే బాగుండేదని పిట్టకు అనిపించింది.

కొత్త నూనె పోసి రోడ్డు పరీక్షకు వెళ్ళారు. ముందు తండ్రి నడిపాడు. నియమం ప్రకారం పిట్ట షెడ్డులోనే ఉండిపోయి, బోర్లించిన డబ్బా మీద కూర్చుని గోళ్ళు కొరుక్కుంది. అరగంటకి తిరిగొచ్చారు. మేస్త్రి దిగి, "నోట్లో నాలుక లేనట్టు వచ్చింది," అన్నాడు. తర్వాత పిట్ట నడిపింది, తండ్రి షెడ్డులో ఉన్నాడు. నాలుగో గేరు పడింది, నలభై దాటింది, గులకరాళ్ళ డబ్బా మొదలైంది. వంతెన దిగేటప్పుడు టక్కున గేరు బయటికొచ్చేసింది. పిట్టకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన మేస్త్రి కళ్ళు మూసుకునే ఉన్నాడు కాబట్టి తుడుచుకోవాల్సిన అవసరం రాలేదు.

షెడ్డుకొచ్చాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "అన్నా, నాకు పిల్లంటే నీకెంతో అంత. కానీ నా చెవి విన్నది చెప్పక తప్పదు. నీ చేతిలో పలకలేదు, దాని చేతిలో పలికింది."

"గేరు వేసేటప్పుడు మోగితే నా తప్పు అను బాబాయ్," అంది పిట్ట. "అది నాలుగులో పడ్డాక, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకున్నాక మోగుతోంది. నేనేమీ చెయ్యనప్పుడు మోగుతోంది. ఏమీ చెయ్యకపోవడం తప్పెలా అవుతుంది?"

మేస్త్రి గుడ్డతో చేతులు ఇంకాసేపు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం పిట్ట పెరట్లో తల్లి పక్కన చతికిలబడింది. తల్లి కుట్టుపెట్టె ముందేసుకుని భర్త చొక్కాలు బాగుచేస్తోంది. కూతురి మొహం చూసి విషయం అర్థమైంది ఆవిడకి, అడగలేదు. చేతిలో ఉన్న చొక్కా మీద కోపం చూపించింది.

"ఇదొకటి నా ప్రాణానికి. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నా, ఈ మనిషి చొక్కాలన్నిటికీ ఒక చెయ్యే చిరుగుతుంది. రెండోది కొత్తదానిలా ఉంటుంది. ఇది మాత్రం మణికట్టు దగ్గర, సరిగ్గా ఇక్కడ, కింది పక్క."

పిట్ట ఒక చొక్కా తీసి చూసింది. ఇంకోటి తీసింది. అయిదు చొక్కాలు, అయిదింటికీ ఒకే చేతికి అతుకు. అతుకు మీద మళ్ళీ అతుకు.

"ఎందుకమ్మా ఒక్కటే? స్టీరింగుకి రెండు చేతులూ ఆనతాయి కదా."

"నన్నడుగుతావేం? వెళ్ళి నా సవతినడుగు," అంది తల్లి, దారం కొరికి.

పిట్ట నవ్వింది. నవ్వి ఆగిపోయింది. ఎందుకో ఆ మాట వదల్లేదు. తీరా ఆలోచిస్తే, చిన్నప్పటి తర్వాత తండ్రి బండి నడుపుతుండగా తను పక్కన కూర్చున్నదే లేదు. బడి, పని, వ్యాన్లు, ఎవరి దారి వాళ్ళది. మొదట్లో శబ్దం కోసం ఆయన నడిపినప్పుడు కూడా కోపంగా ఆమెను దింపేసి వెళ్ళాడు. ఇవాళ మేస్త్రి దింపేశాడు. ఈ శబ్దం మొదలయ్యాక ఆయన నడుపుతుంటే చూసిన మనిషే లేడు. ఉన్న ఒక్కడూ కళ్ళు మూసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి ఇంటి గుమ్మంలో నిలబడింది. ఆయన పళ్ళు తోముకుంటున్నాడు.

"ఇంకొక్కసారి బాబాయ్. నాన్న నడుపుతాడు, నువ్వు విను. నేను కూడా కేబిన్‌లో కూర్చుంటా."

"మూడో ఊపిరి ఉండకూడదమ్మా."

"ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటా. రేపు వ్యాపారి వస్తున్నాడు. నువ్వు చెప్పిన మాట మీదే బండిని విప్పేస్తారు. ఆ పాపంలో నీ వాటా నీకుంటుంది."

మేస్త్రి నోట్లో నురుగుతోనే కాసేపు చూశాడు. పుక్కిలించి ఉమ్మి, "మీ అమ్మ నోరు వచ్చింది నీకు," అన్నాడు. దానర్థం సరేనని.

తండ్రి గొణుక్కుంటూనే వచ్చాడు. డ్రైవరు సీట్లో ఆయన, క్లీనరు సీట్లో వెనక్కి తిరిగి మేస్త్రి. పిట్ట మధ్యలో ఇంజను పెట్టె ఎక్కి కూర్చుంది. దుప్పటి మడత ఇంకా అక్కడే ఉంది, దుప్పటే మారింది. ఒకప్పుడు కాళ్ళు అందక ఊగేవి, ఇప్పుడు మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కింద ఇంజను వేడి మాత్రం అదే. ఆ వేడికి పాత నిద్ర ఎక్కడో కదిలినట్టయింది, పిట్ట కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది.

ఒకటి, రెండు, మూడు. ఊరు దాటారు. తండ్రి నాలుగో గేరు వేశాడు. వేగం నలభై దాటింది. శబ్దం లేదు.

పిట్ట ఆయన పాదాలను చూసింది. కాలు క్లచ్ మీద లేదు, పక్కనే ఉంది. యాక్సిలరేటరు మీద కాలు నిలకడగా ఉంది. తను నడిపినట్టే నడుపుతున్నాడు. ఏ తేడా లేదు. నిజంగా తప్పు తన చేతిదేనేమో అనుకుంది మొదటిసారి.

అప్పుడు చొక్కా కనిపించింది. నిన్న అమ్మ అతుకు వేసిన చొక్కానే. ఆ అతుకు ఇంజను పెట్టె అంచు మీద ఆని, బండి వణికినప్పుడల్లా రాసుకుంటోంది. చెయ్యి స్టీరింగు మీద లేదు. గేరు రాడ్డు గుండు మీద ఉంది. ముంజేయి ఆమె మోకాళ్ళకు అడ్డంగా, గేటు వేసినట్టు ఉంది.

ఆ చెయ్యి అక్కడ ఉండటం ఆమెకు కొత్త కాదు. ఎంత మామూలంటే, తండ్రి మొహానికి ముక్కు ఉన్నంత మామూలు. అందుకే ఇంతసేపూ చూస్తూ కూడా చూడలేదు.

"నాన్నా, చెయ్యి తియ్యి."

"మాట్లాడొద్దన్నానా," అన్నాడు మేస్త్రి కళ్ళు తెరవకుండానే.

"ఏ చెయ్యి?" అన్నాడు తండ్రి.

"రాడ్డు మీద చెయ్యి."

"రాడ్డు మీద నేనెక్కడ..." అంటూ కిందికి చూసుకున్నాడు. తన చెయ్యిని తానే అక్కడ చూసి ఉలిక్కిపడ్డాడు. నిప్పు తగిలినట్టు తీసేశాడు.

గరగరగర. గులకరాళ్ళ డబ్బా మొదలైంది. గుండు కంటికి కనిపించేలా వణకసాగింది.

మేస్త్రి కళ్ళు తెరిచి ఇటు తిరిగాడు. కాసేపు ఆ గుండును చూశాడు. "మళ్ళీ పెట్టు అన్నా."

పెట్టాడు. శబ్దం ఆగింది.

"తియ్యి."

మోగింది. పెట్టాడు, ఆగింది. తీశాడు, మోగింది. ముగ్గురు పెద్దవాళ్ళు బొమ్మ దొరికిన పిల్లల్లా రోడ్డు పొడవునా అదే పని చేశారు. పల్లం వచ్చినప్పుడు తండ్రి కాలు ఎత్తాడు, టక్కున గేరు బయటికొచ్చేసింది. ముప్పై ఏళ్ళలో ఆయన చేతిలో అలా రావడం అదే మొదటిసారి.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన సంగతి," అన్నాడు మేస్త్రి. "బండి తిప్పు. మూత విప్పుదాం."

పాత బండి కావడం ఒకందుకు మేలైంది, గేర్‌బాక్సును కిందికి దింపే పని లేదు. కేబిన్ నేల రేకు తీసి, పై మూత విప్పితే చాలు. మధ్యాహ్నానికల్లా మేస్త్రి చేతిలో ఒక ఇనప ముక్క ఉంది. కొలిమిలోంచి ఇనుము తీసే పట్టకారు నోరు తెరిచినట్టు రెండు కొమ్ములు, కొమ్ముల కొసల్లో ఇత్తడి దిమ్మలు. ఫోర్కు అంటారు దాన్ని. మనం పైన రాడ్డు జరిపితే లోపల తిరుగుతున్న ఉక్కు వలయాన్ని పట్టుకుని జరిపేది అదే. జరిపాక ఊరికే ఉండాలి, దేన్నీ ఒరుసుకోకూడదు. దీని ఇత్తడి ఒక పక్క మందంగా ఉంది, రెండో పక్క కాగితంలా మిగిలింది.

"రాడ్డు మీద చెయ్యి వేస్తే ఆ బరువంతా దీని మీద పడుతుంది," అన్నాడు మేస్త్రి. "తిరిగేదాన్ని ఇది ఒరుసుకుంటుంది. రోజుకి వెంట్రుకలో వెయ్యో వంతు. నూనెలో ఇత్తడి ఇదే. అరిగిపోయి వదులైంది కాబట్టి ఊగుతోంది, మోగుతోంది. నువ్వు నడిపితే నీ చెయ్యే బిగించి పట్టుకుంటోంది, అందుకే మోగలేదు. ఇది మూడు నెలల పని కాదన్నా. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని విన్నా. నిన్న ఒక్కసారి తెరిచి ఉంటే పిల్లను ఏడిపించి ఉండేవాణ్ణి కాదు."

నిన్న నేను ఏడ్చింది తెలిసిందన్నమాట, అనుకుంది పిట్ట. కళ్ళు మూసుకుని కూడా విన్నాడు.

మూడు నెలలుగా ఆమె లోపల ఒక జవాబు దాచుకుని ఉంది. మద్దెల ఓడు కాదు నాన్నా, వాయించినవాడే ఓడు అని మొహం మీదే అనాలని ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు అనొచ్చు, సాక్ష్యం బల్ల మీద ఉంది. తీరా తండ్రి వైపు చూస్తే ఆయన ఫోర్కును చూడటం లేదు. తన అరచేతిని చూసుకుంటున్నాడు, గుండు అచ్చు పడి నున్నగా అయిపోయిన చోట బొటనవేలితో రాసుకుంటున్నాడు. ఆ జవాబు ఇక అనబుద్ధి కాలేదు.

"తెలీక కాదురా," అన్నాడు మేస్త్రితో. "నాకు నేర్పిన గురువు రాడ్డు మీద చెయ్యి కనిపిస్తే పానాతో కొట్టేవాడు. నాకు ఆ అలవాటు లేదు. బండి కొన్నప్పుడు కూడా లేదు."

"మరి ఎప్పుడొచ్చింది నాన్నా?"

తండ్రి కేబిన్ తలుపులోంచి కనిపిస్తున్న ఇంజను పెట్టెను చూపించాడు.

"నువ్వు అక్కడ కూర్చునేదానివి. ఆ వేడికి పది నిమిషాల్లో నిద్ర. నిద్రపోతే ముందుకు వాలేదానివి. ఒకరోజు బ్రేకు వేస్తే ఆ రాడ్డు నుదుటికి కొట్టుకుంది, రక్తమొచ్చింది. మీ అమ్మకి గడప తగిలిందని చెప్పా. అప్పట్నించీ చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. నా చేతి మీద తల పెట్టుకుని ఎంత దూరమైనా పడుకునేదానివి."

పిట్ట వేళ్ళు కనుబొమ్మ పైకి వెళ్ళాయి. అక్కడ చిన్న గీత ఉంది. గడప వల్ల అనే ఆమె కూడా ఇన్నాళ్ళూ అందరికీ చెబుతోంది.

"బడికి వెళ్ళడం మొదలెట్టాక నేను మానేశాను కదా."

"నువ్వు దిగిపోయావు," అన్నాడు తండ్రి. "చెయ్యే దిగలేదు."

మేస్త్రి ఏదో పానా వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి వెళ్ళాడు. పానా ఆయన జేబులోనే ఉంది.

సోమవారం వ్యాపారి వచ్చాడు. తండ్రి గుమ్మంలోనే నిలబెట్టి, "దానికి డ్రైవరు దొరికింది, నువ్వు ఇంకెక్కడైనా చూసుకో," అన్నాడు. లోపల్నించి తల్లి, "అయితే గడప కాదన్నమాట," అని ఆ పొద్దుటికి ఏడోసారి అంది. ఆ మాట ఇంకో ముప్పై ఏళ్ళు వినాల్సి ఉంటుందని ఆయనకు అర్థమైపోయింది.

అలాంటి ఫోర్కులు ఇప్పుడెక్కడా దొరకవు. మేస్త్రి అరిగిన కొమ్ముల మీద ఇత్తడి కరిగించి పోసి, రెండు రోజులు ఆకురాయితో రాచి రాచి కొలతకు తెచ్చాడు. బిగించి, మూత వేసి, పిట్టకు తాళాలు ఇస్తూ, "ఇంకోసారి పోత పోయడానికి దీంట్లో ఇనుము మిగల్లేదు. చెయ్యి జాగ్రత్త," అన్నాడు. గోడ మీద పాత గేరు చక్రాల పక్కన ఒక మేకుకి ఏమీ తగిలించకుండా, కింద సుద్దతో 'కళ్ళు తెరువు' అని రాసుకున్నాడు.

గురువారం మొదటి లోడు. తండ్రి కూడా వస్తానన్నాడు. క్లీనరు సీట్లో కూర్చోమంటే, "ముప్పై ఏళ్ళు యజమానిని, ఇప్పుడు క్లీనరునా?" అని మొండికేసి ఇంజను పెట్టె మీద కూర్చున్నాడు. అసలు సంగతి, అక్కణ్ణించైతే మీటర్లు కనిపిస్తాయి. నొప్పి కాలు క్లీనరు సీటు మీదికి చాపుకున్నాడు. మొదటి అరగంట నోరు మూయలేదు. ముందు సైకిలుంది చూడు, వెనక బస్సు వస్తోంది చూడు, మూడులోకి దింపు. పిట్ట అన్నిటికీ "సరే నాన్నా" అంటూ తను చేసేది తను చేసింది. ఊరు దాటాక నాలుగో గేరు వేసి రెండు చేతులూ స్టీరింగు మీదికి తెచ్చుకుంది. నలభై. నలభై అయిదు. ఇంజను ఒక్కటే వినిపిస్తోంది. వంతెన పల్లంలో కాలు ఎత్తింది, గేరు కదల్లేదు. ఆమెకు పెద్దగా నవ్వాలనిపించింది.

ఇంకా ఏమీ అనడేమిటని పక్కకు చూసింది. తండ్రి నిద్రపోతున్నాడు. ఈ బండిలో బండి నడుస్తుండగా ఆయన నిద్రపోవడం బహుశా ఇదే మొదటిసారి. తల ఊగి ఊగి ముందుకు, రాడ్డు వైపు వాలుతోంది.

పిట్ట చెయ్యి స్టీరింగు మీంచి దిగింది. ఆమె దింపలేదు, దిగింది. చూసుకునేసరికి రాడ్డు ముందు అడ్డంగా ఉంది, ఆయన నుదురు ఆమె ముంజేతికి ఆనుకుని ఉంది. అరచెయ్యి గుండుకి వేలెడు దూరంలో ఆగిపోయింది. మేస్త్రి మాట గుర్తొచ్చింది, టీచరమ్మ స్కేలు గుర్తొచ్చింది. గుండును తాకనివ్వకుండా చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని, వేగం తగ్గించుకుంటూ వెళ్ళి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండి పక్కకు ఆపింది. సీటు వెనక నుంచి దుప్పటి లాగి చుట్ట చుట్టి, ఆయన తల కింద పెట్టి క్లీనరు సీటు వైపు వాల్చింది.

ఆయన కళ్ళు సగం తెరిచాడు. "ఏమైంది? మోగుతోందా?"

"ఏం మోగట్లేదు నాన్నా. పడుకో."